ఈక నేలమీద ఉన్నంతసేపూ

పెట్టెలు తోసిన కాలంలో హెక్టర్ వాస్కహట్ పేరు ఎవరూ అడగలేదు. "ఏయ్ పొడుగోడా" అనేవాళ్లు, లేకపోతే "చీఫ్" అనేవాళ్లు. ఆ రెండో మాటలో గౌరవం లేదని అన్నవాళ్లకూ తెలుసు, విన్నవాడికీ తెలుసు. కాలేజీలో శబ్దం పని చదువుకుని, పట్టా పుచ్చుకుని కెనడాలోని సాస్కటూన్ నగరానికి వచ్చినవాడు అతను. తీరా వచ్చాక దొరికింది లారీల్లోంచి స్పీకర్ పెట్టెలు దింపే పని. మంచు హాకీ ఆడే హాల్లో పాటకచేరీ జరిగినా, సర్కస్ జరిగినా, ఎద్దుల మీద స్వారీ పోటీలు జరిగినా అతను పెట్టెల దగ్గరే. మీటలున్న బల్ల దాకా పోవాలంటే పనివాళ్ల జాబితాలో పేరుండాలి. ఆ జాబితాలోకి అందులో ఉన్నవాళ్ల కొడుకులూ, మేనల్లుళ్లూ, బావమరుదులూ వచ్చేవాళ్లు. ఆదివాసీ అయిన క్రీ తెగవాడికి అందులో మేనమామ ఎవడున్నాడు?

ఒకసారి శబ్దం చూసే మనిషికి కడుపులో తిప్పి ఇంటికి పోతే, వేరే దిక్కులేక హెక్టర్‌ని బల్ల ముందు కూర్చోబెట్టారు. అలా కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. కానీ తన వెనకాల ఇంకొకరు రావాలంటే మరొకరి కడుపు తిప్పేదాకా ఆగాలా అన్న ప్రశ్న అతన్ని వదల్లేదు.

భార్య ఇమెల్డాతో కలిసి ఒక చలికాలమంతా వంటింట్లో కూర్చుని దానికొక దారి ఆలోచించాడు. కార్యక్రమాలు నడిపే కంపెనీ ఏటా రిజర్వుల నుంచి, అంటే ప్రభుత్వం ఆదివాసీలకు విడిచిన ఊళ్ల నుంచి, కొందరిని పనిలోకి తీసుకోవాలి. నేర్చుకుంటున్నన్నాళ్లూ జీతమివ్వాలి. ఇనుప ముక్కు బూట్లు కంపెనీయే కొనాలి. రాకపోకలకు బండి ఉండాలి. చంటిబిడ్డల తల్లులైతే బిడ్డల్ని చూసే మనిషి ఉండాలి. నేర్చుకున్నవాళ్లు చివర ఒక కార్యక్రమాన్ని మొదలుపెట్టి ముగించేదాకా సొంతంగా నడిపిస్తే, వాళ్ల పేరు పక్కా జాబితాలోకి ఎక్కాలి. ఊళ్లో అందరి కళ్లూ తన మీద ఉన్న సమయంలో కంపెనీ సరేనంది. మొదటి జట్టు వచ్చేసరికి ఇమెల్డా లేదు. ఆమె పాత బండి మాత్రం ఉంది. ఇప్పటికీ రిజర్వుల నుంచి పిల్లల్ని తెచ్చేది అదే. వెనక సీటు పగుళ్లకు ఆమె అతికించిన పూల గుడ్డ ఇంకా ఊడలేదు.

ఆ జట్టులో ముందు వరసలో ఉన్నది రొవీనా ఒకిమా. హెక్టర్ ఆమెను మొదట చూసింది వాళ్ల రిజర్వులో, బింగో ఆట జరుగుతుండగా. అంకెలు పిలిచేది ఆమె. ముసలమ్మలు "తొందరగా పిలవ్వే" అని అరిచినా, "మెల్లిగా, మాకు వినబళ్లేదు" అని తిట్టినా ఆమె గొంతు ఒకటే నడకన నడిచింది. ఎవరో గెలిచామని అబద్ధం ఆడితే, గొంతు పెంచకుండానే కూర్చోబెట్టింది. హెక్టర్ ఆట అయ్యేదాకా ఆగి, "అమ్మాయ్, లైట్లనీ కెమెరాలనీ పిలుస్తావా?" అని అడిగాడు.

"అవి గెలిస్తే ఏమిస్తారు, మోసుమ్?" అంది ఆమె. మోసుమ్ అంటే తాత. అప్పటికి అతనికి మనవలెవరూ లేరు. ఆ రోజు నుంచి జట్టంతా అతన్ని అలాగే పిలుస్తోంది.

కార్యక్రమాన్ని పిలవడమంటే పైకి చిన్న పనిలా కనిపిస్తుంది. లైటు మారాలన్నా, పెద్ద తెర మీద బొమ్మ పడాలన్నా, కెమెరా తిరగాలన్నా, పిలిచే మనిషి "గో" అనాలి. ఆ మాట చెవిలో పడేదాకా ఎవరూ వేలు కదపకూడదు. హాలంతా పరుచుకున్న పనివాళ్ల చెవుల్లో హెడ్‌సెట్లుంటాయి. వాటి తీగలన్నీ హెక్టర్ ముందున్న పెట్టెలోకి వస్తాయి. ఒక్కో గొంతుకూ ఒక్కో మీట. అందరికీ అందరూ వినబడేలా చూడటమే అతని పని. ఇన్నేళ్లలో ఒక్క గొంతూ తెగిపోనివ్వలేదు.

రొవీనాకు పిలిచే అవకాశం అంతకుముందు రెండుసార్లు దగ్గరిదాకా వచ్చి పోయింది. మొదటిసారి మంచు తుఫానుకు కచేరీయే ఆగిపోయింది. రెండోసారి హాల్వర్సన్ "ఇంకా పచ్చిగా ఉంది" అన్నాడు. కంపెనీ తరఫున కార్యక్రమాలన్నీ చూసే మేనేజరు అతనే. జాబితాకు పేరు పంపేదీ అతనే. ఈ వసంతపు పౌవౌ, అంటే తెగలన్నీ కలిసి చేసుకునే నాట్యాల పండుగ, రొవీనాకు ఆఖరి అవకాశం. ఇది బాగా నడిస్తే ఆమె పేరు ఎక్కుతుంది, వెనకున్న ముగ్గురికీ దారి తెరుచుకుంటుంది. నడవకపోతే కంపెనీ "ప్రయత్నించాం కదా" అంటుంది. హెక్టర్ ఆ మాటను జీవితంలో చాలాసార్లు విన్నాడు. దాని తర్వాత తలుపు ఎంత మెత్తగా మూసుకుంటుందో అతనికి తెలుసు.

ఆ ఉదయం హాల్లో చలి కింది నుంచి వస్తోంది. హాకీ మంచును కరిగించకుండా దానిమీద చెక్కలు పరిచి, ఆ చెక్కల మీద నాట్యానికి తివాచీ వేశారు. మెట్ల వరసల మధ్య ఎత్తుగా కట్టిన మంచె మీద బల్లలూ మీటలూ కుర్చీలూ ఉన్నాయి. మంచె కింద మూలగా రొవీనా, జట్టులోని మిగతా ముగ్గురూ గుండ్రంగా నిలబడ్డారు. చిప్పలో సేజ్ అనే పవిత్రమైన ఆకు వెలిగించి, ఆ పొగను దోసిళ్లతో తల మీదికీ గుండె మీదికీ తీసుకున్నాకే వాళ్లు పనిలోకి దిగుతారు.

హాల్వర్సన్ మెట్లు దిగుతూనే ముక్కు ఎగబీల్చాడు. "లోపల పొగ వద్దని చెప్పానా లేదా? అలారం మోగిందంటే హాలంతా ఖాళీ చేయించాలి."

"పోయిన వారం హాకీవాళ్లు వచ్చేటప్పుడు యంత్రాలు పెట్టి పొగ కొట్టించారు కదండీ" అంది రొవీనా, చిప్ప పక్కవాడికి అందిస్తూ. "దాన్నేమంటారు?"

"అది షో కోసం."

"ఇదీ షో కోసమే. అది చూసేవాళ్లకి, ఇది చేసేవాళ్లకి."

హాల్వర్సన్ నోరు తెరిచేలోపు, చీపురు పట్టుకుని అటుగా పోతున్న హాలు కాపలాదారు హ్రిత్సాక్ ఆగాడు. ఉక్రెయిన్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. "ఈ పక్క అలారాలు పొద్దున్నే ఆపేశాన్లే" అన్నాడు.

"ఎవరు ఆపమన్నారు నిన్ను?"

"ఎవరూ అన్లేదు. మా గుళ్లో సాంబ్రాణి లేకుండా ఈస్టర్ గడవదు. వీళ్లకీ అంతేగా." అని చీపురు సర్దుకుని వెళ్లిపోయాడు.

అతను కనుమరుగయ్యేదాకా హెక్టర్ చూశాడు. కొందరు మేలు చేసేసి, చేశామని వెనక్కి తిరిగి చూడరు. పులుసులో ఉప్పు వేసినట్టు వేసి పోతారు.

తర్వాత మంచె మీద అందరూ కూర్చుని కార్యక్రమం వరస చూసుకున్నారు. ముందు జెండాలు, ఆ వెనక మాజీ సైనికులు, ఆ వెనక నాట్యం చేసేవాళ్లు, తర్వాత ప్రార్థన. ఆ పైన ఖర్చులు భరిస్తున్న గనుల కంపెనీవాళ్ల చిన్న వీడియో. అన్నీ ఇంటింటికీ ప్రసారమవుతాయి.

రొవీనా అడిగింది. "మధ్యలో ఒక మాట చేర్చాలండీ. ఈక పడితే అన్నీ ఆపాలి. కెమెరాలు దించాలి, తెర నల్లగా పెట్టాలి. పెద్దలు ఈకని లేపి, సరేనన్నాకే మళ్లీ మొదలు."

"ఈకా?"

"నాట్యం చేసేవాళ్ల ఒంటిమీది గద్ద ఈక. అది నేలమీద పడితే మాకు యుద్ధంలో మనిషి పడ్డట్టే. దాన్ని ఎవరుపడితే వాళ్లు ముట్టుకోరు. ఫోటోలు తియ్యరు."

"ఎంతసేపు పడుతుంది?"

"ఎంతసేపు పడితే అంతసేపు."

హాల్వర్సన్ నవ్వాడు. అందులో చెడ్డతనం ఏమీ లేదు. అలసట మాత్రం ఉంది. "రొవీనా, ఇది ప్రసారం. ఎంతసేపో తెలియని సందుని నేను వరసలో పెట్టలేను. పడితే అప్పుడు చూద్దాం. పెట్టినా మీవాళ్లెలాగూ మీ టైముకే వస్తారు." చివరి మాటకు ఎవరైనా నవ్వుతారేమోనని చూశాడు. తెర నడిపే కుర్రాడు డేల్ ఒక్కడే, ఏం చేయాలో తోచక, సగం నవ్వాడు.

మంచె వెనక నడవాలో హెక్టర్ ఆమెను ఆపాడు. "అమ్మాయ్, ఈ ఒక్కపూట అతను చెప్పినట్టు నడిపించు. పేరు ఎక్కనీ. ఎక్కాక నువ్వే వరస రాద్దువుగాని, ఎన్ని ఈకలైనా పెట్టుకో."

రొవీనా అతని ముఖంలోకి చూసింది. "ఈ మాట మా మోసుమ్ చెప్తున్నాడా, కంపెనీ మనిషి చెప్తున్నాడా?"

హెక్టర్ టోపీ సర్దుకున్నాడు. ఆమె జాలిపడ్డట్టుంది. సంచిలోంచి బానక్ రొట్టె ముక్క తీసి సగం తుంచి అతని చేతిలో పెట్టింది. "తిను. పొద్దున్నుంచి ఏం తిన్లేదు నువ్వు. ఇమెల్డా కోకుమ్ ఉంటే చెవి మెలేసేది." కోకుమ్ అంటే నాయనమ్మ.

మధ్యాహ్నానికి మెట్లన్నీ నిండిపోయాయి. పెద్ద డోలు చుట్టూ గాయకులు కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. మైకు పట్టుకున్న వ్యాఖ్యాత జనాన్ని వేడెక్కిస్తున్నాడు. "బయట ఒక పాత బండి లైట్లు ఆపకుండా వదిలేశారు. తలుపుకి టేపు అతికించుంది, ఒక అద్దం లేదు. ఇక్కడున్న బళ్లన్నీ అలాంటివే కాబట్టి అందరూ ఓసారి వెళ్లి చూసుకు రండి." హాలు ఘొల్లుమంది. హెక్టర్‌కు ఇమెల్డా బండి గుర్తొచ్చి తానూ నవ్వాడు.

రొవీనా కుర్చీలో ముందుకు వంగింది. హాల్వర్సన్ తనూ ఒక హెడ్‌సెట్ పెట్టుకుని ఆమె వెనక నిలబడ్డాడు.

"లైట్లు, సిద్ధం. గో. కెమెరా ఒకటి, జెండాల మీద. గో."

బింగో గొంతే అది. డోలు మోగింది. జెండాలు వచ్చాయి, గద్ద ఈకలు కట్టిన కర్రలు వచ్చాయి, పాత యూనిఫారాలు వేసుకున్న మాజీ సైనికులు వచ్చారు. వాళ్ల వెనక రంగులన్నీ ఒక్కసారి ఒలికినట్టు నాట్యకారులు. గజ్జెల చప్పుడు చెక్కల కిందున్న మంచులోకి దిగి తిరిగి వస్తోంది. ఒక్క లైటూ ముందు వెలగలేదు, ఒక్క కెమెరా ఆలస్యంగా తిరగలేదు. క్రేను మీద ఊగే కెమెరా నడిపే పాతకాపు డగ్ "వెన్నలా పోతోంది" అన్నాడు అందరి చెవుల్లో. హాల్వర్సన్ కూడా తలూపడం హెక్టర్ చూశాడు. పేరు ఎక్కినట్టేననుకున్నాడు.

అప్పుడు పడింది ఈక.

అది ఆంబ్రోస్ బేర్‌హెడ్‌ది. పాత పద్ధతిలో నాట్యమాడే ముసలాయన. నడుము వెనక చక్రంలా కట్టుకున్న ఈకల్లోంచి ఒకటి జారి, తిరుగుతూ, తివాచీ మీద వాలింది. ఇమెల్డా ఉన్నన్నాళ్లూ ప్రతి వసంతానికీ ఆయన ఈకల దారాలు బిగించి ఇచ్చేది. ఈ ఏడు ఆ పని ఎవరు చేశారో హెక్టర్‌కు తెలియదు.

నాట్యం జరిగే చోటును చూసుకునే రింగ్ పెద్ద చెయ్యి ఎత్తాడు. పాట ముగింపుకొచ్చి ఆగిపోయింది. నాట్యకారులు ఎక్కడివాళ్లు అక్కడ నిలిచారు. మెట్ల మీద జనం లేచి, టోపీలు తీశారు. వ్యాఖ్యాత గొంతు మారింది. "ఫోన్లు కింద పెట్టండి. బొమ్మలు వద్దు. దయచేసి."

రొవీనా గొంతు మారలేదు. "కెమెరాలన్నీ నేలకి. గో. తెర నల్లగా. గో. హాలు లైట్లు మొత్తం. గో."

తెర నల్లబడింది. కెమెరాలు తలలు వంచాయి. కెమెరాల వెనకున్న జట్టు పిల్లలిద్దరూ ఆమె నోరు తెరవకముందే వాటిని కిందికి తిప్పేశారు. మిగతావాళ్లు ఆమె మాట విని తిప్పారు.

"ఎవరు ఆపమన్నారు?" హాల్వర్సన్ తన హెడ్‌సెట్లో అన్నాడు, అంటే అందరి చెవుల్లో అన్నాడు. "డగ్, క్రేను దించి ఆ ముసలాయన్ని దగ్గరగా పట్టు. ఎంత మంచి బొమ్మ అది. డేల్, తెర. గో."

ఇంతకాలం ఒక్క గొంతు వినడం నేర్చిన డేల్ చెవిలో ఇప్పుడు రెండు గొంతులున్నాయి. వాడి వేలు పెద్ద గొంతు చెప్పినట్టు విన్నది. తెర వెలిగింది.

ఆంబ్రోస్ ముఖం ఇల్లంత పెద్దదై హాలు మీద పడింది. రంగు పూసిన ముఖం అది. ఆయన రెండు చేతులూ ఖాళీగా ముందుకు చాచి ఉన్నాయి. ఎత్తుకోవాలని ఉండి, ఎత్తుకోకూడని బిడ్డ ముందు నిలబడ్డట్టు. కంటినీరు రంగును కోసుకుంటూ దిగడం పైవరస జనానికి కూడా కనబడింది. ఆయన తెర వైపు చూశాడు, తన ముఖాన్ని తానే చూసుకుని, తల దాచుకునే చోటు లేక వెతుక్కున్నాడు.

ఆసుపత్రిలో ఇమెల్డా ఆఖరి ఉదయం హెక్టర్ కళ్ల ముందుకొచ్చింది. ఆ వార్డులో చాలా మంచాలుండేవి. అతను ఏడవడం మొదలుపెట్టగానే, పేరు కూడా తెలియని ఒక నర్సు వచ్చి, ఒక్క మాటా మాట్లాడకుండా, మంచం చుట్టూ తెర లాగి వెళ్లిపోయింది. అంతే చేసింది ఆమె. ఆ గుడ్డ తెర వెనక అతనూ ఇమెల్డా ఇద్దరే మిగిలారు. ప్రపంచం తనకు చేసిన మేళ్లన్నిట్లోకీ అదే పెద్దదని అతను ఇప్పటికీ అనుకుంటాడు.

"తెర నల్లగా. గో" అంది రొవీనా మళ్లీ.

"తెర అలాగే ఉంచు డేల్. తర్వాత గనుల వీడియో. నేను చెప్తున్నా. రొవీనా, హెడ్‌సెట్ తీసి కుర్చీ దిగు."

హెక్టర్ లేచి నిలబడి టోపీ తీశాడు. రెండో చేత్తో తన ముందున్న పెట్టెలో హాల్వర్సన్ మీటను కిందికి నొక్కాడు.

చిన్న టిక్కుమన్న చప్పుడు అయింది. ఆ తర్వాత హాల్వర్సన్ మాట్లాడుతూనే ఉన్నాడు, చేతులు ఊపుతూనే ఉన్నాడు, కానీ ఆ మాటలు మంచె దాటలేదు. పనివాళ్ల చెవుల్లో ఒక్క గొంతే మిగిలింది.

"డేల్" అంది ఆ గొంతు, మూడోసారీ అదే నడకన. "తెర నల్లగా. గో."

తెర ఆరిపోయింది. ఆంబ్రోస్ ముఖం తిరిగి మనిషి ముఖమంత అయింది.

హాల్వర్సన్ హెక్టర్ భుజం పట్టుకున్నాడు. "నా లైను తెరువు."

"ఈక లేచాక."

"నువ్వేం చేస్తున్నావో తెలుస్తోందా? నీతోపాటు ఆ పిల్ల పని కూడా పోతుంది."

"ఇన్నేళ్లూ పోతుందనే భయపడ్డాను" అన్నాడు హెక్టర్, గొంతు తగ్గించి, ఎందుకంటే హాలంతా నిశ్శబ్దంగా ఉంది. "ఆ భయంతోనే పొద్దున ఆ పిల్లకి తప్పు మాట చెప్పాను. టోపీ తియ్యి, హాల్వర్సన్. జనం నిలబడున్నారు."

హాల్వర్సన్ చుట్టూ చూశాడు. మెట్ల మీద ఇన్ని వేలమంది, పసిపిల్లలతో సహా, కదలకుండా ఉన్నారు. అతని చెయ్యి తనంతట తాను టోపీ మీదికి పోయింది. తీశాక ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఛాతీకి ఆనించుకున్నాడు.

కింద మాజీ సైనికులు ఈక చుట్టూ చేరారు. డోలు మెల్లిగా అందుకుంది. వాళ్లు దాని దగ్గరికి నాట్యమాడుతూ వెళ్లారు, వెనక్కి తగ్గారు, మళ్లీ వెళ్లారు. వాళ్లలో పెద్దవాడు వంగి దాన్ని ఎత్తి, తన యుద్ధంలో పడ్డ ఒక నేస్తం కథ మైకు లేకుండా ఆంబ్రోస్‌కు చెప్పాడు. అది ఎవరికీ వినబడలేదు, వినబడాల్సిన అవసరమూ లేదు. ఈక ఆంబ్రోస్ చేతికి తిరిగొచ్చింది. హాలు ఊపిరి వదిలింది. రింగ్ పెద్ద మంచె వైపు చూసి తలూపాడు.

"హాలు లైట్లు తగ్గించండి. గో. కెమెరాలు పైకి. గో. తెర. గో."

"రొవీనా" అన్నాడు డగ్ క్రేను మీద నుంచి, "నీ గొంతు తప్ప ఇంకేం వినబళ్లేదు నాకు. లైను పాడైందా?"

"బాగైంది" అంది రొవీనా.

పూట ముగిసి జనం భోజనాలకు లేచాక హాల్వర్సన్ హెడ్‌సెట్ బల్ల మీద పడేశాడు. "ప్రసారం చూస్తున్నవాళ్లకి అంతసేపూ నల్ల తెర కనబడింది. గనులవాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు. ఏం చెప్పమంటావ్?"

"వాళ్లు చూడాల్సింది ఆ నల్ల తెరే అని చెప్పండి" అంది రొవీనా.

"సాయంత్రం పూట నేను పిలుస్తా. నీ పేరు పంపను. నువ్వు మాట వినలేదు."

"పంపకండి. కానీ ఎందుకు పంపలేదని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాలి. ఈక పడితే షో ఆపిందని చెప్పండి. 'ఇంకా పచ్చిగా ఉంది' అని చెప్పి తప్పించుకోకండి. ఈసారి ఆ మాట నేను పడను."

"నా పేరూ దాని పక్కనే చెప్పు" అన్నాడు హెక్టర్. "మీట నొక్కింది నేను."

హాల్వర్సన్ జవాబు చెప్పేలోపు మెట్ల మీద ఆయాసం వినబడింది. ఆంబ్రోస్ బేర్‌హెడ్ గజ్జెలు గలగలలాడించుకుంటూ మంచె ఎక్కి వస్తున్నాడు. ముఖం కడుక్కున్నాడు, రంగు చెవుల దగ్గర మాత్రం మిగిలింది. ఈక పోగొట్టుకుని తిరిగి పొందినవాడు కానుకలు పంచాలి. ఆయన చేతిలో చారల కంబళి ఉంది.

"తెర ఆర్పింది ఎవరు?"

రొవీనా లేచింది. ఆయన కంబళి విప్పి ఆమె భుజాల చుట్టూ కప్పి, అంచులు గడ్డం కిందికి లాగి సర్దాడు, చలిలో బడికి పంపే పిల్లకు సర్దినట్టు. తర్వాత హెక్టర్ వైపు తిరిగాడు. "ఈ ఏడు దారం నేనే కట్టుకున్నాను. చూశావుగా ఎలా కట్టానో. ఇమెల్డా ఉంటే కడుపు పట్టుకుని నవ్వేది."

"నవ్వి, తర్వాత కట్టిచ్చేది" అన్నాడు హెక్టర్.

ఆంబ్రోస్ హాల్వర్సన్‌ను పైనుంచి కిందిదాకా చూశాడు. ఛాతీకి ఆనించుకున్న టోపీ ఇంకా అక్కడే ఉంది. "నీకూ కప్పుదామంటే కంబళ్లు అయిపోయాయి, బాబూ. వచ్చే ఏడు తప్పకుండా చూద్దాం" అని, నవ్వకుండా, గలగలమంటూ దిగిపోయాడు.

సాయంత్రం పూటకు తలుపులు తీయకముందే రొవీనా వచ్చి కుర్చీలో కూర్చుంది. కంబళి భుజాల మీదే ఉంది. ఆమెను రమ్మని ఎవరూ అనలేదు. రావద్దని అన్న మాటను ఆమె లెక్కలోకి తీసుకోలేదు. హెక్టర్ తన పెట్టె ముందు కూర్చుని, ఏమీ అడగకుండా ఆమె లైను తెరిచాడు. పై కిటికీల్లోంచి వసంతపు వెలుతురు ఇంకా మెట్ల మీద పడుతోంది.

హాల్వర్సన్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. "లే."

"ఈక పడితే ఏం చేస్తారో చెప్పండి. సరిగ్గా చెప్తే లేస్తాను."

హాల్వర్సన్ బల్ల మీది హెడ్‌సెట్ అందుకున్నాడు. హెక్టర్ అతని మీటను పైకి తోశాడు. "నీ లైను తెరిచాను. ఆ పిల్లని దించాలంటే అందులో చెప్పు. అందరూ వింటారు. వినబడకుండా చేసే పని ఇంక నేను చెయ్యను."

హాల్వర్సన్ హెడ్‌సెట్ పెట్టుకున్నాడు. అతని ఊపిరి అందరి చెవుల్లో పడింది. ఒక్కొక్కరే ఎప్పటిలా పనికి సిద్ధమని చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఒక్కరూ అతని పేరు ఎత్తలేదు.

"రొవీనా, లైట్లు సిద్ధం."

"రొవీనా, కెమెరా ఒకటి సిద్ధం."

"రొవీనా, క్రేను సిద్ధం. లైను బాగుందిప్పుడు. ఎవరో గురక పెడుతున్నట్టుంది గానీ" అన్నాడు డగ్.

కాస్త ఆలస్యంగా డేల్ గొంతు వచ్చింది. "రొవీనా, తెర సిద్ధం. మధ్యాహ్నం... నేను ముందే నీ మాట వినాల్సింది."

"ఇప్పుడు విన్నావుగా" అంది ఆమె.

హెక్టర్ తన మీటల వైపు చూస్తూ కూర్చున్నాడు. సోమవారం ఆఫీసులో పెద్ద గొడవ ఉంటుందని అతనికి తెలుసు. జాబితా సంగతి అక్కడ తేలాల్సిందే. "ప్రయత్నించాం కదా" అని ఎవరైనా అంటే ఏం చెప్పాలో కూడా తెలుసు. మీరు ప్రయత్నించలేదు, ఆ పిల్ల చేసేసింది అని చెప్తాడు. ఆ పిల్లకు పనిలేకపోతే శబ్దం బల్ల ముందు తన కుర్చీ కూడా ఖాళీ అవుతుంది. ఇమెల్డా బండిలో అందరికీ చోటుంది.

కింద గాయకులు డోలు చుట్టూ చేరారు. హాల్వర్సన్ హెడ్‌సెట్ మైకును నోటి దగ్గరి నుంచి పక్కకు తిప్పేశాడు. గోడవారనున్న మడత కుర్చీ లాక్కుని రొవీనా పక్కన, ఒక అడుగు వెనగ్గా కూర్చున్నాడు.

"పడితే ఎంతసేపు ఆపాలి?" అని అడిగాడు, మెల్లిగా, వరస రాసిన కాగితం తిరగేస్తూ.

రొవీనా అతని వైపు తిరగలేదు. ఆమె కళ్లు తివాచీ అంచున వరసకట్టిన జెండాల మీదున్నాయి.

"నేలమీద ఉన్నంతసేపూ" అంది. ఆ వెంటనే, అదే గొంతుతో, "లైట్లు, సిద్ధం. గో."